ఆరింట ఒకటి

ఆయన లెక్కల మాస్టారు. రిటైరయినా ఆ పిచ్చి వదల్లేదు. ఏ పిల్లాడైనా 4:8 నిష్పత్తిని 4/8 అని రాసి ఊరుకుంటే, "కొట్టెయ్యరా, కొట్టెయ్! ఒకటి బై రెండు!" అని అరిచి సగం మార్కు కోసేసిన మనిషి.

జ్వరాల ఆసుపత్రిలో రిజిస్టరు రాయడానికి ఎవరూ దొరక్కపోతే, అక్కడే నర్సుగా ఉన్న కూతురు ఆయన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. వారానికోసారి చనిపోయినవాళ్లకీ చేరినవాళ్లకీ ఉన్న నిష్పత్తిని భిన్నంగా రాసి పై ఆఫీసుకు పంపాలి. అంతే పని. కాగితంలో దానికి ఒకటే గడి.

మొదటి వారం పన్నెండు మంది చేరారు, ఇద్దరు పోయారు. 2/12ని రెండుతో కొట్టేసి 1/6 అని ముత్యాల్లా రాశారు.

రెండో వారం మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. చేరింది అరవై మంది, పోయింది పదిమంది. పదితో కొట్టేస్తే మళ్లీ 1/6. లెక్క అంత చక్కగా తెగినందుకు ఆ మహానుభావుడు మురిసిపోయాడు కూడా! ఏం చెప్పమంటారు?

కూతురు నాలుగు రోజులుగా ఇంటి మొహం చూడలేదు. "ఇంకో డాక్టర్ని, ఇద్దరు నర్సుల్ని పంపమని మొత్తుకుంటున్నాం నాన్నా. ఉలుకూ పలుకూ లేదు. కాగితం సరిగ్గానే పంపావా?"

"నా లెక్క తప్పుతుందా? బాగా చెప్పావు!"

మర్నాడు జవాబొచ్చింది. గతవారంతో పోలిస్తే మార్పు లేదట, అదనపు సిబ్బంది అక్కర్లేదట. కూతురు అది చదివి, తండ్రి దగ్గరున్న నకలు లాక్కుని చూసింది.

"ఇందులో అరవై ఏది? పది ఏది?"

"రెండూ సమానమేనమ్మా..."

"నీ లెక్కకి సమానమే. అరవై మందినీ మోసేది నేను కదా నాన్నా!"

కాగితం తిరిగిస్తుంటే ఆమె చెయ్యి తగిలింది. కాలిపోతోంది. మాస్టారు అప్పటికప్పుడు అంకెలన్నీ విడివిడిగా రాసి మరో ఉత్తరం పంపారు. అది చేరి డాక్టరు వచ్చేసరికి ఐదు రోజులు పట్టింది. అప్పటికి రెండు రోజుల ముందే కూతురు పోయింది.

మూడో వారం లెక్క కూడా ఆయనే రాయాలి. తొంభై మంది చేరారు. పదిహేను మంది పోయారు. తొంభైలోనూ కూతురుంది, పదిహేనులోనూ ఉంది.

పక్క బల్ల దగ్గర మాత్రలు పొట్లాలు కడుతున్న కాంపౌండరు తొంగిచూశాడు. పాపం, ఏదో సాయం చేద్దామనే. "పదిహేనుతో పోతుందిగా మాస్టారూ. మళ్లీ ఒకటి బై ఆరే."

"పదిహేను మందిని కొట్టేసి ఒక్కరిని ఉంచాలి. ఎవర్ని ఉంచమంటావు?" అన్నారు మాస్టారు.

గడిలో 15/90 అని రాశారు. కింద ఖాళీలో ఒక్కొక్కటిగా పదిహేను పేర్లూ రాశారు. కూతురి పేరు రాసేటప్పుడు అక్షరాలు వంకర పోయాయి. ఆయన దిద్దలేదు.