పిండిముద్ద అచ్చు

నేను ఒక రివాల్వర్‌ని. జడుసుకోకండి. నూరేళ్ళు దాటిన నా బతుకులో అట్టముక్కల్ని తప్ప దేన్నీ కొట్టలేదు. బర్మింగ్‌హామ్‌లో నన్ను గురి పోటీల కోసమే చేశారు. అందుకే నా గొట్టం పొడుగు, ట్రిగ్గర్ మెత్తన. ఒక తెల్లదొరతో ఓడెక్కి సికింద్రాబాద్ వచ్చాను. ఆయన తన దేశం వెళ్ళిపోతూ గుర్రాన్ని కౌగిలించుకొని ఏడ్చాడు. నన్ను మాత్రం బల్ల మీద పెట్టి అమ్మేశాడు. ఆ గుర్రం మీద కోపం నాకింకా పోలేదు.

ఎన్నో చేతులు మారి చివరికి రైల్వే ఇంజనీరు నరహరిగారి ఇంటికి చేరాను. ఆయన ఆదివారం పొద్దున్నే వరండాలో చాప పరిచి, నన్ను విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి నూనె రాసేవారు. భార్య అనసూయమ్మ గుమ్మంలో నిలబడి చూసేది.

“నా తలకు ఎన్నడన్న గింత నూనె పెట్టిన్రా?”

“నీకు తుప్పు పట్టది గదనే!”

“సవతిని తెచ్చి సందుగల పెట్టుకున్నరు,” అంటూ ఆమె లోపలికి పోయేది.

ఆ మాట నాకు తియ్యగా ఉండేది. కానీ ఆదివారం ఒక్కటే నాది, మిగతా ఆరు రోజులూ ఆమెవి. ఆ సందుగ పెట్టెలో పడుకొని వాళ్ళ కంచాల చప్పుడు వింటూ కుళ్ళిపోయేదాన్ని. ఎన్నికలొస్తే మరీ కష్టం. లైసెన్సు తుపాకులన్నీ పోలీసు ఠాణాలో అప్పజెప్పాలి. “ఎలక్షన్లు నెలనెలా వస్తే బాగుండు,” అని ఆమె నవ్వేది. ఇప్పుడు ఆ చాప మీద ఎవరు కూర్చున్నారో అనుకుంటూ నేను ఠాణా బీరువాలో ఉడికిపోయేదాన్ని.

కంపెనీ బిగించిన నా నల్లపిడి ఆయన అరచేతిలో జారేది. ఒకరోజు ఆయన వంటింట్లోకి వెళ్ళి, అనసూయమ్మ పిసుకుతున్న చపాతీ పిండిలోంచి ఒక ముద్ద తీసుకొని గట్టిగా పిడికిలి బిగించారు.

“అయ్యో, తినే పిండి! దానికా?” అని ఆమె అరిచింది.

ముద్ద ఎండింది. దాని మీది వేళ్ళ గుర్తులు చూసి వడ్రంగి టేకుపిడి చెక్కాడు. ఆ పిడితో నన్ను పట్టుకుంటే ఆయనకూ నాకూ మధ్య గాలి కూడా దూరేది కాదు. ఆ అచ్చు ఎవరి వంటింట్లో పుట్టిందో తలుచుకోవడం నాకిష్టం లేకపోయింది.

నిరుడు వానాకాలంలో ఆయన గురి పోటీ నుంచి వచ్చి, నన్ను తుడవకుండానే పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. ఆమె గుండెలు బాదుకొని ఏడ్చింది. నాకు ఏడుపు రాదు. ఆమె ఏడుపు చూసి కూడా అసూయపడ్డాను.

లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి నన్ను తుపాకుల దుకాణంలో అప్పజెప్పారు. పాతవి సేకరించేవాళ్ళకు నన్ను చూపించాలని దుకాణదారు హష్మత్ సాబ్ ముస్తాబు మొదలుపెట్టాడు. నన్ను అమ్మే కాగితం మీద సంతకం చేయడానికి అనసూయమ్మ వచ్చిన రోజే అతను టేకుపిడి మర విప్పి, నల్లపిడి బిగించాడు.

“అసలు పిడి ఉంటేనే కొంటరమ్మా. ఈ కట్టె పారేస్తా.”

“ఇటు తే.”

“ఏం జేస్కుంటవ్?”

“పిండి నాది.” ఆమె కొంచెం భయపడుతూ అడిగింది, “దీనికి లైసెన్స్ గావాల్నా?”

“కట్టెకు లైసెన్సేందమ్మా!”

ఆమె టేకుపిడిని పట్టుకుంది. ఆయన వేళ్ళు దిగిన గుంటల్లో ఆమె సన్నటి వేళ్ళు ఒక్కొక్కటే కుదురుకున్నాయి. తర్వాత దాన్ని కొంగులో చుట్టుకొని వెళ్ళిపోయింది. నావైపు తిరిగి కూడా చూడలేదు.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో మఖ్మల్ మీద ఉన్నాను. చేతితొడుగులు వేసుకున్నవాళ్ళు వచ్చి, “ఎంత అరుదైనదో! పిడి కూడా అసలుదే!” అని మురిసిపోతారు. ఆ ఇంట్లో ఆమె ఆయన చేయి పట్టుకొని కూర్చునుంటుంది. ఇన్నాళ్ళూ ఆమె నన్ను సవతి అంది. ఇప్పుడు ఆ మాట అనడం నా వంతయింది.