మరిదిని సాగనంపిన సర్వరు

నేను ఒక సర్వరుని, అంటే పదిమంది ఖాతాలూ రాతలూ మోసే కంప్యూటరుని. పేరు విని ఏ అద్దాల మేడలోనో కాపురం అనుకోకండి. కాకినాడలో కనకవల్లిగారింట్లో, కుట్టుమిషను పక్కన పాత కుర్చీ మీద ఉండేదాన్ని. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఒక బీమా ఆఫీసులో చేశాను. అక్కడివాళ్ళు నాలో పేకాడుకుంటూ, జనం అడిగితే "సిస్టం స్లోగా ఉందండి" అని నేరం నా మీదికి తోసేవారు. చివరికి పాతబడ్డానని అమ్మేశారు.

కనకవల్లిగారు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. ఆవిడా, మొక్కల పిచ్చి ఉన్న మరో రెండువందలమందీ ఒక సోషల్ నెట్‌వర్కులో కబుర్లాడుకునేవారు. దానికి ఒక్కడే యజమాని ఉండడు. వీధిలో ఇళ్ళలా ఎన్నో సర్వర్లుంటాయి. ఎవరింటి కట్టుబాట్లు వారివి, ఏ ఇంట్లో ఉన్నా పక్కింటివాళ్ళతో మాట్లాడుకోవచ్చు. వీళ్ళున్న సర్వరును నడిపే పెద్దమనిషి ఇక ఓపిక లేదని, నెలలో మూసేస్తానని చెప్పాడు. లక్షలమంది ఉన్న పెద్ద సర్వరుకి పోదామన్నారు కొందరు. అక్కడ ఎవరైనా తిడితే ఫిర్యాదు వినే నాథుడుండడని కనకవల్లిగారు ఒప్పుకోలేదు. నన్ను కొనుక్కొచ్చారు. నన్ను సర్వరుగా మార్చింది ఆవిడ మరిది పేర్రాజు. అదే తంటా అయింది.

ఉప్పాడలో చేపలమ్మే నూకరత్నం మా దగ్గర చేరింది. మడ అడవిలో పెరిగే తిల్ల చెట్టు ఫొటో పెట్టి, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది, జాగ్రత్త అని రాసింది. అక్షరదోషాలున్నాయి. పేర్రాజు వాటిని ఏరి, అందరి ముందూ ఎగతాళి చేశాడు. శాస్త్రీయ నామం తెలియనివాళ్ళకి ఇక్కడేం పనన్నాడు. కనకవల్లిగారు రెండుసార్లు మందలించారు. తను లేకపోతే ఈ సర్వరే లేదని నవ్వేశాడు. నూకరత్నం రాయడం మానేసింది.

ఆదివారం కనకవల్లిగారు మరిదిని నా గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేశారు.

"పేర్రాజూ, మా ఇంటికి నువ్వెప్పుడైనా రావొచ్చు. ఇందులో మాత్రం నీకు చోటు లేదు."

అతని ఎదుటే ఖాతా తీసేశారు. నా కొలువులో అంత చురుగ్గా చేసిన పని మరొకటి లేదు. నాలుగు రోజులకి నూకరత్నం మళ్ళీ రాసింది. ఆమెను చూసి ఉప్పాడనుంచి ఇంకో పదిమంది వచ్చారు.

జనం పెరిగి నా శక్తి చాలలేదు. ఆవిడ కొత్త యంత్రం కొని, ఖాతాలన్నీ అందులోకి మార్చారు. అప్పుడు పేర్రాజు మొహమాటపడుతూ వచ్చి, సొంత సర్వరు పెట్టుకుంటాను, ఆ పాతది ఇమ్మని అడిగాడు. ఆవిడ నన్ను తుడిచి చేతిలో పెట్టారు. ఎవరిని గెంటానో వాళ్ళింట్లోనే చేరాను.

పేర్రాజు కొత్త సర్వరులో ముప్పైమంది చేరారు. వాళ్ళలో పేర్రాజు బావమరిది ఒకడు. కనబడిన ప్రతివాడికీ వంకలు పెట్టేవాడు. రోజుకో ఫిర్యాదు. పేర్రాజు వారంపాటు నా ముందు కూర్చుని తల పట్టుకుని, చివరికి అతణ్ణి తీసేశాడు. తర్వాత వదినకి ఫోన్ చేశాడు.

"మా ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు వదినా. నన్ను తీసేసినప్పుడు అన్నయ్య నిన్నేమన్నాడు?"

అటునుంచి తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినబడింది.

"మీ అన్నయ్యకి నేనింకా చెప్పలేదు," అన్నారావిడ.