శిలాఫలకానికి చోటు

ప్రణాళికా కార్యాలయం గోడకున్న పటంలో, ఊరికి పడమట ఉన్న చిత్తడి నేలకు లేత పసుపు రంగు వేసి ఉండేది. పసుపంటే ‘నిరుపయోగం’ అని అర్థం. పైనుంచి వచ్చే వాననీళ్ళన్నీ అక్కడే ఆగి, నిదానంగా ఇంకి, ఎండాకాలంలో ఊరి బావులు అడుగంటకుండా చూసేవి. వందల తరాల కొంగలూ కప్పలూ ఆ నీళ్ళలోనే పుట్టి పెరిగాయి. అయితే నేల హాజరుపట్టీలో సంతకం పెట్టదు కాబట్టి అది పని చేస్తోందని కార్యాలయం వాళ్ళెవరికీ తెలియదు.

ఊరికి ఆసుపత్రి మంజూరైందనగానే పాలకసంఘం అధ్యక్షుడి వేలు తిన్నగా ఆ పసుపు మీదికే వెళ్ళింది. ఆయన్ని ఎదురుగా అందరూ ‘సార్’ అనేవాళ్ళు, చాటున ‘శిలాఫలకం’ అనేవాళ్ళు. బస్సు షెడ్డు మొదలుకొని చేతిపంపు దాకా ఆయన పేరు చెక్కిన రాయి లేని చోటు లేదు. కొన్నిచోట్ల రాయి మాత్రమే ఉంది. పని వెనకాల వస్తోందని చెప్పేవాళ్ళు.

స్థలం చూసి రమ్మని ప్లానింగ్ ఆఫీసరమ్మను పంపారు. ఆమె మోకాలి దాకా దిగబడి, ఒక చెప్పు ఆ బురదకే సమర్పించుకుని, ఒంటికాలి చెప్పుతో తిరిగొచ్చింది. ఇక్కడ పూడ్చి కడితే మొదటి పెద్దవానకే నీళ్ళు ఇళ్ళలోకొస్తాయి, కనుక వద్దని రాసింది.

ఆ కబురు ఆమెకంటే ముందు ఆమె అన్నయ్య ఇంటికి చేరింది. వదినేమో ఆ ఊరి నర్సు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, ఆదివారం భోజనాలు ఒకేచోట.

“ఏమమ్మాయ్, కొంగలకి ఇబ్బందని ఆసుపత్రి ఆపించావట?” అంది వదిన వడ్డిస్తూ.

“కొంగలకి కాదు వదినా, మనకే. అక్కడ కడితే నువ్వు పడవేసుకుని డ్యూటీకెళ్ళాలి.”

“వెళ్తా. బడి వరండాలో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే బీపీ చూడ్డం కంటే పడవే నయం. మొన్న ఒక ముసలాయనకి బీపీ బదులు పదమూడో ఎక్కం రాసిచ్చాను. ఆ వారమే నిండు చూలాలిని పాలవ్యానులో పట్నం పంపాను. దార్లో క్యాన్ల మధ్య కనింది. ఆ పిల్ల పెద్దయ్యాక నువ్వే చెప్పు, ఎందుకలా పుట్టిందో.”

“ఇద్దరి మాటా నిజమే,” అన్నాడు అన్నయ్య. ఆ మాటతో ఆయన విస్తరికి కూర రావడం ఆగిపోయింది.

ఆఫీసరమ్మ తన నివేదికను మనసులోనే మళ్ళీ చదువుకుంది. తను రాసింది తప్పు కాదు. వదిన అడిగింది అసలే తప్పు కాదు. వద్దని రాయడానికి బురదలో దిగింది గాని, మరెక్కడో చెప్పడానికి తను ఒక్క అడుగూ వెయ్యలేదు.

కార్యాలయంలో జరిగిన తర్వాతి సమావేశానికి పట్నం నుంచి సలహాదారు వచ్చాడు. అభివృద్ధీ ప్రకృతీ తనకు రెండు కళ్ళన్నాడు. తెర మీద బొమ్మ వేశాడు: చిత్తడిలో స్తంభాల మీద ఆసుపత్రి, దాని గోడల నిండా కొంగల బొమ్మలు.

“సగం పూడుస్తాం, సగం కాపాడతాం. ఇదే సమతుల్యం!”

చప్పట్లు మోగాయి.

“సగంలో ఆగమని నీళ్ళకి ఎవరు చెప్తారు?” అంది ఆఫీసరమ్మ. “అంబులెన్సు ఎలా వస్తుంది?”

“దారి రెండో దశలో మేడమ్.”

“మరి మొదటి దశ రోగులు?”

“మీరు ప్రతిదీ నెగటివ్‌గా చూస్తున్నారు,” అన్నాడతను జాలిగా.

అధ్యక్షుడు మాత్రం శిలాఫలకం ఎక్కడని అడిగాడు. బొమ్మలో దారి లేదు గాని అది ఉంది.

మర్నాడు ఆఫీసరమ్మ వదినను లాక్కుని బయల్దేరింది. “పద, చోటు నువ్వే చూపించు,” అంది. ఊరంతా తిరిగారు. ఇళ్ళు, దుకాణాలు, పొలాలు, ఎక్కడా చాప పరిచేంత ఖాళీ లేదు. ఇంతలో వాన దంచడంతో ఇద్దరూ పాలకసంఘం కట్టించిన సమావేశ మందిరం మెట్లెక్కి నిలబడ్డారు. ప్రారంభం రోజున ఎవరో పెద్దమనిషి వచ్చి, అందులో టీ తాగి వెళ్ళాడు. ఆనాటి నుంచీ దానికి తాళమే.

వదిన కొంగుతో కిటికీ అద్దం తుడిచి తొంగిచూసింది. “లోపల ఎన్ని గదులు?”

“రెండు హాళ్ళు, నాలుగు గదులు. ప్లాను పాస్ చేసింది నేనే.”

“నీళ్ళు?”

“పంపులున్నాయి.”

“మరి రోడ్డు?”

“దాని మీదేగా పరిగెత్తుకొచ్చాం.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రోజూ దీని ముందునుంచే ఆ వరండాకి పోతున్నా. ఒక్కనాడూ తట్టలేదు చూడు,” అంది వదిన.

“నాకూ తట్టలేదు వదినా. పటంలో దీనికి ఎరుపు వేశాం. ఎరుపంటే ‘వినియోగంలో ఉంది’ అని.”

వాన వెలిసేదాకా ఆగకుండా వదిన అధ్యక్షుడి ఇంటికి నడిచింది, వెనకే ఆఫీసరమ్మ. ఆయన అంతా విని నిట్టూర్చాడు.

“మందిరానికేమమ్మా, బంగారంలా ఉంది. కానీ దానికి రాయి వేసేశాంగా! కట్టినదాన్ని మళ్ళీ ఎలా కడతాం? చేసిన పని జనానికి కనపడద్దూ?”

వదిన నోరు తెరవబోయింది. ఆఫీసరమ్మ ఆమె కాలు తొక్కింది.

“నిజమే సార్. అయితే ఆ మెట్లు రోగులు ఎక్కలేరు. చక్రాల కుర్చీకి వాలుబాట కొత్తగా కట్టాలి. మీ చేతుల మీదుగా శంకుస్థాపన జరక్కపోతే ఏం బావుంటుంది?”

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “రాయి ఎంత పెద్దది పెట్టుకోవచ్చు?”

“మీ ఇష్టం సార్.”

తెచ్చిన రాయి వాలుబాట కంటే వెడల్పు. తాపీమేస్త్రీ దాన్ని నాలుగుసార్లు జరిపి, చివరికి చక్రాల కుర్చీ ఒరుసుకుంటూ పోయేంత సందు వదిలాడు. పూడ్చని చిత్తడిని కాపాడినందుకు అధ్యక్షుడు తనను తాను గంటసేపు అభినందించుకున్నాడు. సలహాదారు తన బొమ్మను ఇంకో ఊరికి పట్టుకెళ్ళాడు. ఆ ఊళ్ళోనూ కొంగలున్నాయట.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. నీళ్ళు చిత్తడిలో నిండి అక్కడే నిలిచాయి. ఒక్క గడపా తడవలేదు. రాని వరదకు ఎవరూ సన్మానం చెయ్యరు, ఆఫీసరమ్మకూ చెయ్యలేదు. పెద్దమనిషి టీ తాగిన గదిలో మాత్రం ఒక ఆడపిల్ల పుట్టింది. వదిన చేతులు కడుక్కుని బయటికొచ్చి, గోడకానుకుని కళ్ళు తుడుచుకోవడం ఆఫీసరమ్మ చూసింది, చూడనట్టే ఊరుకుంది.

“పళ్ళ డాక్టరు వారానికోసారి వస్తానంటున్నాడు. ఇంకో గది కావాలి,” అంది వదిన.

“ఇంకెక్కడుంది వదినా?”

“మీ ఆఫీసులో చూడు. ఊరికే కూర్చునే గదులు అక్కడున్నన్ని ఇంకెక్కడుంటాయి?”

ఆఫీసరమ్మకు రోషం రావాల్సింది, నవ్వొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు వసారాలో తాళాలు వేసిన తలుపుల ముందు ఆగి, కిటికీల్లోంచి ఒక్కో గదిలోకీ తొంగిచూడసాగింది.