చూసినవారు: ఒకటి

పెద్దది బట్టలు సంచిలో పెడుతుంటే చిన్నది తీసి మంచం మీద పడేస్తోంది.

"ఒసేయ్, ఆ ఉన్ని కోటు ఎందుకు తీశావే? సముద్రం మీద చలి కొరికేస్తుందట."

"నేను వెళ్ళేది ఓడ వంటగదిలోకి అక్కా, మంచుకొండ మీదికి కాదు. పొద్దస్తమానం పొయ్యి ముందే ఉంటాను. ఇది తొడుక్కుంటే కూరతోపాటు నేనూ ఉడుకుతాను."

"పోనీ, అడుగున పడి ఉంటుంది కదా."

"ఇంకాసేపుంటే నువ్వు కూడా అడుగున పడి ఉంటానంటావు. లే, జిప్పు పట్టనీ."

అక్కచెల్లెళ్ళిద్దరికీ యాభై దాటింది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. పెద్దది హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. చిన్నది ఇన్నేళ్ళూ ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో వండింది. అది మూతపడ్డాక సరుకుల ఓడలో వంటమనిషిగా ఏడాదికి కుదిరింది. వాళ్ళమ్మ ఆసుపత్రికి వెళ్ళింది ఆ సంచితోనే. తిరిగొచ్చింది సంచి ఒక్కటే.

"రోజూ ఫోన్ చెయ్యి," అంది పెద్దది.

"చెయ్యను. నువ్వు ఏడుస్తావు. నీ ఏడుపు వింటూ నేను కూర మాడుస్తాను. ఓడవాళ్ళంతా కలిసి నన్ను నీళ్ళలోకి విసిరేస్తారు. పైగా అక్కడ సిగ్నల్ చిటికెడే ఉంటుందట, మాట్లాడటానికి చాలదు. ఏదీ, ఫోన్ ఇలా ఇవ్వు."

చిన్నది ఏదేదో నొక్కి, ఫోటోలు పెట్టుకునే పేజీ ఒకటి తెరిచింది.

"రోజూ ఒక ఫోటో పెట్టు. నీ అరిగిపోయిన చెప్పులైనా సరే. కింద 'చూసినవారు' అని అంకె ఉంటుంది. నువ్వు చూస్తే లెక్కలోకి రాదు. ఒక మనిషి ఎన్నిసార్లు చూసినా ఒకటే పడుతుంది. ఈ పేజీ సంగతి మనిద్దరికే తెలుసు. అంటే, ఒకటి పడిందంటే అది నేనే. బతికున్నాను, తిన్నాను, నిన్ను తిట్టుకుంటున్నాను అని అర్థం."

"పడకపోతే?"

"సిగ్నల్ లేదని అర్థం. అంతలోకే శోకాలు మొదలుపెట్టకు."

చిన్నది వెళ్ళిపోయింది. కోటు మంచం మీదే ఉండిపోయింది.

పెద్దది మొదట వంటింటి కుళాయిని ఫోటో తీసి పెట్టింది. లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి, దుప్పటికీ దుప్పటికీ నడుమ ఫోన్ తీసి చూసేది. సున్నా. మడతపెట్టి మళ్ళీ చూసేది. సున్నా. ఉతికే యంత్రాల దగ్గర పనిచేసే ఆవిడ, లాండ్రీ అంతా వదిన అని పిలిచే మనిషి, బుట్ట తోసుకొచ్చి నవ్వింది.

"ఏంటి తల్లీ, గుడ్లు పొదిగే కోడిలా దాన్ని వదలవు?"

"నీకెందుకు వదినా, నీ సబ్బు నువ్వు చూసుకో."

సాయంత్రం ఇస్త్రీపెట్టె ఆపి చూసేసరికి సున్నా లేదు. ఒకటి ఉంది.

ఎక్కడో నాలుగు వైపులా నీళ్ళే ఉన్న చోట, ఒక మనిషి తడి చేతులు గుడ్డకి తుడుచుకుని తన కుళాయిని చూసింది. ఆ చూపు అంత సముద్రాన్నీ దాటి, తడి అంటకుండా వచ్చి, అరచేతిలో అంకె అయి నిలబడింది. పెద్దది బొటనవేలితో దాన్ని మెల్లగా తాకింది. వేడిగా ఉందేమో అన్నట్టు.

అప్పటినుంచి అదే ధ్యాస. నిద్రలేస్తూనే అంకె, అన్నం ముందు అంకె, బస్సులో అంకె. ఒక్కోసారి ఒక పూట ఆలస్యమయ్యేది, ఆ పూటంతా ముద్ద దిగేది కాదు. కానీ పడేది. ప్రతి ఫోటోకీ ఒకటి.

ఒకరోజు ఆరబెట్టే యంత్రం మొరాయించింది. దుప్పట్లన్నీ మేడ మీద తీగలకు ఆరేశారు. మధ్యాహ్నం గాలి లేచింది. పెద్దది మెట్లెక్కి అక్కడే ఆగిపోయింది. వరుసలు వరుసలుగా తెల్లటి దుప్పట్లు ఒక్కసారిగా పొట్టలు ఉబ్బించి ఒకే వైపు తిరిగాయి. వాటి గుండా ఎండ పాలలా కారుతోంది. ఆ మేడ ఓడలా తాళ్ళు తెంపుకుని కదిలిపోతుందేమోననిపించింది. ఫోటో తీసి పెట్టింది. వెనకే వచ్చిన వదిన భుజం మీంచి తొంగిచూసి, "అబ్బ! నాకూ పంపు," అంది. ఆ పరవశంలో పెద్దది ముందూ వెనకా చూడకుండా పేజీయే పంపేసింది.

మర్నాడు పొద్దున్న చూస్తే, నలభై వేలు.

ఫోన్ పాడైందనుకుంది. వదిన చప్పట్లు కొట్టింది. "నలుగురికి పంపానంతే! వాళ్ళు నలుగురికి, వాళ్ళు నలుగురికి!" మధ్యాహ్నానికి లక్ష దాటింది. పెద్దది చూస్తూండగానే అంకె మారిపోతోంది. ఇసుక వేస్తే రాలనంత జనం, చడీచప్పుడూ లేకుండా, లాండ్రీ మేడ మీద నిలబడి దుప్పట్లు చూస్తున్నారు. కింద ఎవరెవరో రాస్తున్నారు. 'మా అమ్మ ఇలాగే ఆరేసేది.' 'ఆసుపత్రి మంచం మీంచి చూస్తున్నాను, గాలి తగిలింది.' అన్ని కళ్ళు! ఒక్కో కన్ను వెనక ఒక్కో ఇల్లు, ఒక్కో ఇంట్లో వెళ్ళిపోయిన వాళ్ళెవరో. పెద్దదాని ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ వెంటనే గుండె గుబేలుమంది. వీళ్ళలో చిన్నది ఉందా?

చెప్పుల ఫోటో పెట్టింది, ఎవరూ చూడరని. వేలమంది చూశారు. అరిగిన సబ్బుముక్క పెట్టింది. దాన్నీ చూశారు. ఇంత జనంలో ఆ ఒక్కటి ఏది? ఓడలో బాగానే ఉందా? మూడు ఫోటోలు అయ్యాయి, తనకేమీ తెలియలేదు.

"వదినా, దీనికి తాళం వేసే దారి ఉందా? మా చెల్లికి తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు."

"మతి పోయిందా? అడక్కుండా వచ్చిన భాగ్యాన్ని కాలదన్నుకుంటావా? ఊళ్ళకు ఊళ్ళు నిన్ను చూస్తుంటే!"

"నన్ను కాదు వదినా, దుప్పట్లని. నన్ను చూసేది అదొక్కతే."

వదిన చేతులు తుడుచుకుని తాళం వేసిపెట్టింది. ఆఖరుగా ఒకసారి పెద్దది ఆ మహా జనాన్ని చూసింది. వెళ్ళిరండి బాబూ, అనుకుంది.

ఇంటికెళ్ళి మంచం మీది కోటును ఫోటో తీసి పెట్టింది. ఆ రాత్రి సున్నా. మర్నాడూ సున్నా. ఇస్త్రీ చేస్తూ దుప్పటి మీద గోధుమరంగు మచ్చ పడేసింది. మేనేజరు అరిచాడు, వినబడలేదు. వదిన ఆ దుప్పటిని తన బుట్టలో వేసుకుని వెళ్ళిపోయింది.

మూడోనాడు మధ్యాహ్నం మేడ మీద, ఖాళీ తీగల కింద, ఫోన్ తీసింది.

ఒకటి.

పెద్దది బుట్టను బోర్లించి దాని మీద కూలబడింది. ఆకాశం ఎంత ఉందో అంతా కనబడుతోంది. చిన్నది కోటును చూసింది. తప్పకుండా నవ్వి ఉంటుంది, మోసుకుపోవాల్సిందని ఒక్క క్షణమైనా అనుకుని ఉంటుంది. లక్షమంది మధ్య ఊపిరాడని మనిషికి, ఆ ఒక్క గీతతో గుండెల నిండా గాలి ఆడింది.

ఆ తర్వాత నెలల తరబడి ఒకటి పడుతూనే ఉంది.

చిన్నది తిరిగి రాలేదు. మరుసటి ఏడు వానాకాలం మొదట్లో, ఓడ ఇంటిదారి పట్టిన వారానికి, జ్వరం వచ్చి సముద్రం మీదే చనిపోయింది.