బుధవారం పారాయణం

డెబ్బై రెండేళ్ళు నిండాక తిరుమలేశ్ సినిమాల్లో తాత అయ్యాడు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళపాటు ఫైట్ మాస్టరు. అద్దాల్లోంచి దూకాడు, జీపుల కింద దొర్లాడు, హీరోలకు బదులు మేడల మీంచి పడ్డాడు. ఈమధ్య తెలంగాణ మాట మాట్లాడే తాతలకు గిరాకీ పెరిగింది. ఆయన పుట్టింది సిద్దిపేట పక్క పల్లెలో, మీసం తెల్లగా గుబురుగా ఉంటుంది. ఆ రెండింటి పుణ్యమా అని నులకమంచం మీద కూర్చుని మనవలకు బుద్ధులు చెప్పే వేషాలు వరసగా వస్తున్నాయి. కూర్చునే పని కాబట్టి మోకాళ్ళు ఊరుకున్నాయి. చిక్కంతా చెప్పే పనితోనే వచ్చింది.

ఆ రోజు ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఆయన చెప్పాల్సింది రెండే వాక్యాలు. మొదటిది వస్తే రెండోది రాలేదు. రెండోది వచ్చేసరికి మొదటిది వెళ్ళిపోయింది. పద్నాలుగో టేకులో రెండూ వచ్చాయి గానీ, మనవడిని పట్టుకుని "అమ్మాజీ" అన్నాడు. అమ్మాజీ ఆయన భార్య. మనవడి వేషం వేసిన కుర్రాడు నవ్వాపుకోలేక కెమెరాకు వీపు తిప్పాడు.

డైరెక్టర్ సుహాస్ ముప్ఫై లోపువాడు, మర్యాదస్తుడు. పక్కకు తీసుకెళ్ళి, "సార్, ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి సార్. జస్ట్ జనరల్‌గా" అన్నాడు. తిరుమలేశ్‌కు మిగతాదంతా బాగానే ఉంది గానీ ఆ 'జనరల్‌గా' అన్నది మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మాజీ ఆలోచించకుండా ఫోన్ తీసి జూబ్లీహిల్స్‌లో పెద్దవయసు వాళ్ళను చూసే డాక్టర్ దగ్గర ఇద్దరికీ కలిపి పరీక్షలు రాయించింది. "నాకూ చేయించుకున్నట్టుంటుంది లెండి" అంది.

అమ్మాజీకి అరవై తొమ్మిది. అంతర్వేది వైపు పిల్ల. డబ్బింగ్ ఆర్టిస్టుగా వచ్చి, రికార్డింగ్ థియేటర్లో "హా, హూ, చచ్చాన్రా" అని దెబ్బలు తిన్నవాళ్ళ అరుపులు చెప్పడానికి వచ్చిన ఫైట్ మాస్టర్ని చూసి నవ్వి, ఆ నవ్వులోనే పెళ్ళి చేసుకుంది. ఇప్పటికీ హీరోల తల్లులకూ అత్తలకూ గొంతిస్తుంది. డైలాగు ఒకసారి చదువుకుంటే చాలు, కాగితం బోర్లా పెట్టేసి చెప్తుంది. ఈ సంగతి తిరుమలేశ్ ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడు మాత్రం కొంచెం కడుపుమంటగానే ఉంది.

డాక్టర్ వరప్రసాద్ రిపోర్టులు ముందేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చెవుడే అన్నట్టు గట్టిగా మాట్లాడాడు.

"భయపడాల్సిందేం లేదు సార్. మతిమరుపు జబ్బు కాదు. కానీ రక్తంలో కొవ్వు బాగా ఎక్కువుంది, డి విటమిన్ తక్కువుంది, కండ కరుగుతోంది. నిద్ర కూడా సరిగా లేదంటున్నారు. ఏం తింటారు?"

"మటన్" అన్నాడు తిరుమలేశ్.

"ఎన్నిసార్లు?"

"ఉన్నప్పుడల్ల."

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది తగ్గించి వారానికి రెండు మూడుసార్లు చేప తినండి. వేపుడు కాదు, పులుసు. గుండెకు మంచిది. ఆ కొవ్వు దిగుతుంది. మీ వయసులో కండ నిలబడాలంటే మాంసకృత్తులు కావాలి, చేపైతే అరగడమూ తేలిక. మెదడుకూ మేలేనంటున్నారు గానీ, చేప తిన్న మర్నాడే డైలాగులు గడగడా వచ్చేస్తాయని మాత్రం నేను చెప్పను."

"చేప కాకుండ ఇంకేదన్న రాయున్రి సార్" అన్నాడు తిరుమలేశ్. తొమ్మిదేళ్ళప్పుడు చెరువు చేప తింటుంటే ముల్లు గొంతులో ఇరికింది. వాళ్ళ నాయనమ్మ అన్నం ముద్దలు మింగించింది, వీపు మీద గుద్దింది, చివరికి తలకిందులుగా పట్టుకుని దులిపింది. ఆ ముల్లు ఎప్పుడు దిగిందో గుర్తులేదు గానీ భయం మాత్రం దిగలేదు. పెళ్ళికి ముందు అమ్మాజీకి ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ఇంట్లో చేప కనపడకూడదు. గోదావరి పిల్ల కదా, ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆవిడ "సరేనండీ" అంది. అంత తొందరగా ఎందుకు ఒప్పుకుందని అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

డాక్టర్ రెండో రిపోర్టు తిరగేశాడు. మళ్ళీ మొదటికి తిప్పాడు. "అమ్మా, ఇది మీదేనా? పేరు చూసి చెప్పండి."

"నాదేనండీ."

"గుండె, కొవ్వు, ఎముకలు అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. మీరేం తింటారమ్మా?"

అమ్మాజీ గోడ మీది కాలెండర్ వైపు చూసింది. "చేపలండీ."

తిరుమలేశ్ గట్టిగా నవ్వాడు. "పరాష్కాలాడుతది సార్. మా ఇంట్ల చేప అడుగువెట్టి నలభై ఏండ్లాయె."

"ఇంట్లో కాదండీ" అంది అమ్మాజీ.

తిరుమలేశ్ నవ్వు సగంలో ఆగింది. డాక్టర్‌కు సంసారాల్లో తలదూర్చే ఉద్దేశం లేదేమో, గబగబా మందులు రాసేసి గంట కొట్టాడు.

ఆటో చెక్‌పోస్ట్ దాటింది. తర్వాత తిరుమలేశ్ అడిగాడు. "ఏడ తింటవ్?"

"మధురానగర్‌లో. సీతామహాలక్ష్మి ఇంట్లో."

"గాడ పారాయణం గదా."

"పారాయణమే."

"మరి?"

"ముందు చదువుతాం. తర్వాత తింటాం. సహస్రనామాలు అరగంట, భోజనం గంటన్నర."

ఆటోవాడు పాట ఆపేశాడు, బాగా వినపడటం కోసం.

ముప్ఫై ఆరేళ్ళుగా ప్రతి బుధవారం అమ్మాజీ విష్ణు సహస్రనామ పారాయణానికి వెళ్తోంది. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా స్నానం చేస్తుంది, ఇల్లంతా సాంబ్రాణి వేస్తుంది, చేతులకు నిమ్మచెక్క రాసుకుంటుంది. తిరుమలేశ్ దాన్ని నిష్ఠ అనుకున్నాడు. "మా ఇంటామె భక్తి చూస్తే దేవునికే భయమైతది" అని షూటింగుల్లో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఆవిడ తెచ్చిన ప్రసాదం లడ్డు కళ్ళకద్దుకుని, రవ్వ కూడా కింద పడకుండా తినేవాడు.

"లడ్డు?" అన్నాడు ఇంటి ముందు దిగుతూ.

"యూసుఫ్‌గూడ స్వీట్ షాపుది. నేతితో చేస్తాడండీ, మంచివే" అంది అమ్మాజీ.

నాలుగు రోజులు ఆయన అలిగాడు. అలిగి పై గదిలోకి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని హాల్లోనే అలిగాడు, ఆవిడ సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చుని. కట్టుకున్న మనిషికి ఇంకొకరితో సంబంధం ఉందని తెలిస్తే ఏం చెయ్యాలో సినిమాల్లో చాలాసార్లు చూశాడు. చేపతో ఉందని తెలిస్తే ఏం చెయ్యాలో ఎవరూ తియ్యలేదు.

బుధవారం పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నేను గూడ వస్త."

"అక్కడికి మగవాళ్ళు రారండీ."

"పారాయణమో ఇంకేందో నా కండ్లతోని చూడాలె."

అమ్మాజీ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "మెట్లున్నాయి. మళ్ళీ నన్ననకూడదు" అంది.

మధురానగర్‌లో సీతామహాలక్ష్మిది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మాజీ చకచకా ఎక్కి మలుపు దగ్గర ఆగి ఆయన కోసం చూసింది. ఒకప్పుడు ఇలాంటి మెట్ల మీద ఆరుగురిని తన్నుకుంటూ పైకి పరిగెత్తిన మనిషి, ఇప్పుడు పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టునూ బతిమాలుకుంటూ వచ్చాడు.

తలుపు తీసిన సీతామహాలక్ష్మికి డెబ్బై ఆరు. కాస్ట్యూమ్స్ కుట్టి కుట్టి రిటైరయింది. "రండన్నయ్యగారూ" అంది, పోలీసుల్ని లోపలికి పిలిచినట్టు. లోపల ఇంకో ముగ్గురు. అందులో పెద్దావిడ రాజమ్మ, యూసుఫ్‌గూడ, ఎనభై దగ్గర పడింది. జూనియర్ ఆర్టిస్టుగా వెయ్యి పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసింది, అన్నీ సినిమా పెళ్ళిళ్ళే.

వాళ్ళు నిజంగానే చదివారు. కళ్ళు మూసుకుని, ఒక్క నామం మింగకుండా. సగానికి వచ్చేసరికి తిరుమలేశ్‌కు కునుకు పట్టింది. లేచేసరికి సీతామహాలక్ష్మి దేవుడి గది తలుపు మూసి, గడియ పెట్టి, లాగి చూసి, అప్పుడు వంటింట్లోకి నడుస్తోంది.

ముందురోజు సాయంత్రం కాచి ఊరబెట్టిన కానాగంత చేపల పులుసు, వంజరం ముక్కలు, మామిడికాయ వేసిన నెత్తళ్ళు. మూతలు లేచేసరికి ఐదుగురి వయసూ ఒక్కసారే తగ్గినట్టయింది. చేతులు పైకి మడిచారు. మాటలు మొదలయ్యాయి. ఆ మాటలు విష్ణుమూర్తి వినకూడనివి, గడియ పెట్టిందే మంచిదయింది. ఏ హీరో విగ్గు ఏ వానపాటలో ఊడింది, ఏ నిర్మాత ఎవరింటి గోడ దూకుతూ పంచె వదిలేశాడు, అన్నీ బయటికొచ్చాయి.

"అమ్మాజీ, మీ ఆయన ఎలా అలిగారో చెప్పవూ" అంది ఒకావిడ, ఆయన అక్కడే ఉన్న సంగతి మరిచి.

అమ్మాజీకి ఒక్క క్షణం మొహమాటం వేసింది. ఆ తర్వాత ఆగలేకపోయింది. గొంతు బొంగురు చేసి, మీసం దువ్వినట్టు చెయ్యి తిప్పి, "నాకు ఆకలైతలేదు. గని ఏం వండినవ్?" అంది. అచ్చం తిరుమలేశే. చివర్లో ఆయన ముక్కు ఎగబీల్చే చప్పుడుతో సహా. ఐదుగురూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

తిరుమలేశ్‌కు కోపం రావాలి. రాలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఇంత నవ్విస్తుందని ఆయనకు తెలియదు. ఇంట్లో ఆవిడ ఇలా ఎప్పుడైనా చేసిందేమోనని వెతుక్కున్నాడు. చేసిందేమో, తనే ఫోన్లో ఉన్నాడేమో. జేబులోంచి ఫోన్ తీసి ఆపేశాడు.

"తమ్మీ, గిటు గూసో" అని రాజమ్మ పిలిచింది. విస్తట్లో వంజరం ముక్క పెట్టింది. "దీనికి నడిమిట్ల ఒక్కటే బొక్క. పసిపోరలు గూడ తింటరు."

"నాకు ముల్లంటె జర..."

"మూడంతస్తుల మీదికెల్లి దునికినవ్. నేను చూసిన, కింద గుంపుల నేనే ఉన్న. గిదానికి భయమా?"

"కింద పరుపులుండె అక్కా."

"గీడ నేనున్న. తిను."

రాజమ్మ నడిమి ముల్లు లాగి పక్కన పెట్టింది, మిగిలిన కండను వేళ్ళతో నొక్కి చూసి ముద్దలో కలిపింది. తిరుమలేశ్‌కు నుదురంతా చెమట. ఐదుగురు ఆడవాళ్ళు తినడం మానేసి, షాట్ రెడీ అయినట్టు చూస్తున్నారు. నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలాడంటే, ఆ ముక్కే తాను చేపనన్న సంగతి మరిచిపోయి ఉంటుంది. మింగాడు. ఏమీ కాలేదు. రెండో ముద్దకు తనే చెయ్యి చాపాడు. మూడో ముక్క వెయ్యబోతే సీతామహాలక్ష్మి, "మేం కూడా తినాలి కదన్నయ్యగారూ" అని గిన్నె జరుపుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కపారి గూడ ఎందుకు చెప్పలేదే? నేనొద్దంటనని భయమా?"

"కాదండీ. సరేనంటారని."

"అదేంది?"

"మీరు సరేనన్నారనుకోండి, మీక్కూడా నేనే వండాలి. ముళ్ళు నేనే తియ్యాలి. బుధవారం కాస్తా ఆదివారం అయిపోతుంది. అక్కడైతే సీత వండుతుంది, నేను తింటాను." మళ్ళీ తనే, "వారంలో ఆ రెండు గంటలూ నేనెవరికీ వడ్డించను" అంది.

తిరుమలేశ్‌కు మంచి డైలాగు ఒకటి తట్టింది గానీ నోటిదాకా వచ్చేలోపల పోయింది.

రెండో బుధవారం ఆయన మళ్ళీ చెప్పులేసుకున్నాడు. అమ్మాజీ ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల్నుంచి సీతామహాలక్ష్మి, అందరం కలిసి ఆలోచించుకున్నామనీ, అన్నయ్యగారంటే గౌరవమేననీ, ఆయన ముందు నిర్మాత పంచె కథ పూర్తిగా చెప్పుకోలేకపోయామనీ, అందుకని వద్దనుకున్నామనీ చెప్పింది. వెనకనుంచి రాజమ్మ గొంతు వినపడింది. "తమ్మీ, నీ చేతులకేమైంది? నువ్వే వండుకో."

ఆదివారం తిరుమలేశ్ సంచి పట్టుకుని మధురానగర్ చేపల కొట్టుకు వెళ్ళాడు. ఫోన్లో రాజమ్మ చెప్పినట్టు మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయా అని చూశాడు, కళ్ళు మెరుస్తున్నాయా అని చూశాడు. కొట్టువాడు ఆయన్ని గుర్తుపట్టి, తాతా ఒక డైలాగు చెప్పమన్నాడు. "ముందు చేప కొయ్యి" అన్నాడు తిరుమలేశ్.

వంటింట్లో రెండు గంటలు యుద్ధం నడిచింది. చింతపండు ఎక్కడుందని అరిచాడు. హాల్లోంచి అమ్మాజీ "వెతుక్కోండి" అంది. పులుసు కలపాలనుకుని గరిటె పెట్టి తిప్పాడు, ముక్కలు సగం చితికిపోయాయి. గిన్నె పట్టుకుని ఊపాలని తర్వాత తెలిసింది. ఆరు నెలల తర్వాత డాక్టర్ రిపోర్టు చూసి కొవ్వు బాగా దిగిందన్నాడు, మెచ్చుకున్నాడు. డైలాగుల సంగతి మాత్రం అటూ ఇటూగానే ఉంది. సుహాస్ తెలివిగా రెండు వాక్యాలను ఒకటి చేశాడు. తిరుమలేశ్ మాత్రం సెట్లో కనపడ్డ వాళ్ళందరికీ అంతా చేప మహిమేనని చెప్పుకు తిరిగాడు.

అదంతా తర్వాతి మాట. ఆ మొదటి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఉప్పు ఎక్కువైంది, పులుపు చాల్లేదు, ఉల్లిపాయలు పచ్చిగా పంటికింద కరకరలాడుతున్నాయి. తిరుమలేశ్ తినకుండా ఆవిడ మొహమే చూస్తున్నాడు.

అమ్మాజీ ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది. "వంట బాగాలేదండీ" అంది. "చేప మాత్రం తాజాది. ఇంకో ముక్క వడ్డించండి."

ఆయన లేచి వడ్డించాడు.