పూతరేకుల కుండ చూసిన పథ్యం

నేను కుండనే. కాని నాలో ఎవరూ నీళ్ళు పోయరు, పప్పు ఉడికించరు. నన్ను పొయ్యి మీద బోర్లా పెట్టి, కింద ఎండు కొబ్బరాకుల మంట వేసి, నా వీపు మీద పూతరేకులు తీస్తారు. గోదావరి గట్టు పక్క ఊళ్ళలో ఇంటింటా నాలాంటిది ఒకటి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి వీపు కాలుతూనే ఉంది కాబట్టి నొప్పి అనేది నాకు ఎప్పుడో పోయింది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఒక మనిషి కష్టాన్ని ఇంత చల్లగా చెబుతోందేమిటని మీరు నన్ను తిట్టుకోకూడదని ముందే చెబుతున్నాను.

నన్ను చేసినవాడు కుమ్మరి గంగరాజు. నా అడుగు మామూలు కుండల కంటే వెడల్పుగా, నున్నగా రావాలి. రాక, రాక, మూడుసార్లు తిట్టించుకుని వచ్చింది. నరసమ్మ అనే పెద్దావిడ నన్ను కొనడానికి వచ్చి, అరచేత్తో నా వీపంతా తడిమి, ఎండలో తిప్పి చూసి, పెదవి విరిచి, చివరికి నన్నే తీసుకుంది. నూనె గుడ్డతో రుద్దడం, కాల్చడం, మళ్ళీ రుద్దడం. పది రోజులకు నన్ను దారికి తెచ్చింది. మనుషులు పిల్లల్ని కూడా ఇంత ఓపిగ్గా పెంచగా నేను చూడలేదు.

నరసమ్మకు చూపు మందగించాక నా ముందు పీట మీదికి ఆమె పెద్దకోడలు వీరవేణి వచ్చింది. చెయ్యంటే ఆమెదే చెయ్యి! పలచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు కొసలు పట్టుకుని, నా మీద ఒక్క లాగు లాగేది. కన్ను మూసి తెరిచేలోపు రేకు లేచి వచ్చేది. దాన్ని ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి ముఖం కనిపించేది. చిన్నకోడలు మంగాదేవి పక్కన కూర్చుని, రేకుల్లో నెయ్యి, పంచదార వేసి చుట్టేది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఏళ్ళు గడిపేశారు.

నలభై ఆరో ఏట వీరవేణి వేళ్ళు మొరాయించాయి. పొద్దున్నే పిడికిలి పడదు, పడితే విప్పుకోదు. కణుపులు ఎర్రగా ఉబ్బాయి. గుడ్డ కొస పట్టుకోవడంలో రవ్వంత ఆలస్యమైతే చాలు, రేకు మందంగానైనా వస్తుంది, చిరిగిపోనైనా పోతుంది. ఆమెకు వచ్చిన పని ఇదొక్కటే. ఆమె ఎవరో పది ఊళ్ళకు తెలిసింది కూడా ఈ పనితోనే. చేతులు పడిపోతే తానింక ఎందుకో ఆమెకు తెలియడం లేదు. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు, మంట ఎగదోస్తూ నా దగ్గర అనేసింది.

రాజమండ్రి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఇది కీళ్ళవాతమనీ, ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ళ మీద పడుతోందనీ చెప్పిందట. మాత్రలు రాసింది. వాటితో వాపు సగమే దిగింది. అప్పుడు ఇంకో దారి చూద్దామంది. మాత్రలు ఆపకుండానే ఆరు వారాలు వరి, గోధుమ, పాలు, గుడ్లు, వంకాయ, టమాటా, మిరప మానెయ్యాలి. తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ తిని, ఏది పడటం లేదో కనిపెట్టాలి. ఇది అందరికీ ఫలించదని కూడా ముందే చెప్పింది.

ఈ సీమలో వరి మానడమంటే మాటలా! చుట్టాలు పరామర్శకు వచ్చినట్టు వచ్చారు.

“అన్నం తినకపోతే ఇంకేం తింటావే తల్లీ?” అంది ఒకావిడ.

“జొన్నరొట్టి పిన్నీ.”

“అయ్యో, అయ్యో!” అని ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం పూతరేకులు కట్టించుకుని వెళ్ళింది.

జొన్నరొట్టె, చిలగడదుంప, సొరకాయ, ఉప్పు వేసి ఉడికించిన చేప. మంగాదేవి వేరే గిన్నెలు, వేరే గరిటెలు పెట్టింది. మొదటి వారం వీరవేణికి ఆకలేసింది. రెండో వారం కోపం వచ్చింది. మూడో వారానికి ఏదీ రావడం మానేసింది. పెట్టింది తినేది, రమ్మంటే వచ్చేది. ఎలా ఉందక్కా అని మంగాదేవి అడిగితే “ఏదోటిలే” అనేది. ఈవిడ కూడా నాలాగే అయిపోతోందని నాకు అనిపించింది.

ఆరు వారాలు అయ్యాయి. మిగిలిన వాపు ఇసుమంత కూడా దిగలేదు.

“అయితే తిండికీ దీనికీ సంబంధం లేదన్నమాట,” అంది వీరవేణి. ఎల్లుండి డాక్టరమ్మకు ఆ ముక్క చెప్పేసి, పీట మంగాదేవికి అప్పగిస్తానంది. ఆ గొంతులో బాధ కూడా లేదు.

అసలు సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. పూతరేకులు తీసేవాళ్ళు చిరిగిన రేకును పారెయ్యరు. అంచు చిరిగిందా, చెయ్యి దాన్ని తీసుకెళ్ళి నోట్లో పెడుతుంది. పిండి ఎలా ఉందో నాలుక చెబుతుంది. నరసమ్మ అలాగే చేసేది, చూసి చూసి వీరవేణికి అదే అబ్బింది. పథ్యం సంగతి ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. వేళ్ళు బిగుసుకున్న కొద్దీ రేకులు చిరిగాయి, చిరిగిన కొద్దీ నోట్లోకి వెళ్ళాయి. అన్నం మెతుకు ముట్టని మనిషి రోజంతా నా ముందు కూర్చుని వరే తింది. గరిటెలు మార్చిన మంగాదేవి చూడలేదు. తింటున్న వీరవేణీ చూడలేదు. చూసిన నాకేమో నోరు పొయ్యికి ఆనించి ఉంది. నాకు చాలా సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం మంగాదేవి నెయ్యి గిన్నె అందుకోబోయి తలెత్తింది.

“అక్కా, నోట్లో ఏంటది?”

“నోట్లో ఏముంటాదే? ఏం లేదు.”

“నవుల్తున్నావు కదక్కా!”

వీరవేణి దవడ ఆగిపోయింది. నాలుక మీంచి వేలితో తీసి చూసుకుంది. తెల్లటి తడి ముక్క.

“ఎప్పట్నించి తింటన్నావు?”

“నాకేం తెలుసే? నేను తిన్లేదు... చెయ్యి పెట్టేసింది.”

మంగాదేవి నవ్వబోయి ఏడ్చేసింది. “ఆరు వారాలక్కా! పిల్లలు చేపల పులుసు తింటంటే ఇవతలకొచ్చి కూచున్నావు కదా!”

వీరవేణి ఏడవలేదు. వేలి మీది ముక్కను చూస్తూ ఉండిపోయింది. ఈలోగా నా మీదున్న రేకు మాడిపోయింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంది డాక్టరమ్మ. పీట మీద కూర్చుంటే చెయ్యి మాట వినదని వీరవేణికి తెలుసు. చేతులు నిలబెట్టుకోవడానికి ఆ పనికే దూరంగా పోవాల్సి వచ్చింది. పీట మంగాదేవికి ఇచ్చి, పెరటి వసారాలోకి వెళ్ళిపోయింది. పాపం, మంగాదేవి మంచి మనిషే. కాని నా మీద రేకులు తీస్తోందో అట్లు పోస్తోందో నాకు అర్థమయ్యేది కాదు.

అయిదో వారంలో వీరవేణి వచ్చి నా ముందు చెయ్యి చాపింది. పిడికిలి మూసింది, తెరిచింది.

“పడిందే,” అంది, టైము ఎంతయిందో చెప్పినట్టు.

ఆరు వారాలు నిండాక మిగతావి ఒక్కొక్కటే తిరిగి తింది. ఏమీ కాలేదు. చివర వరి వంతు. రెండు రోజులు అన్నం తింది. మూడో రోజు పొద్దున కణుపులు ఉబ్బాయి. మానేస్తే దిగాయి. డాక్టరమ్మ ఇంకోసారి తినిపించి చూసింది. అదే వరస. ఏది పడదో తేలింది కదా, మంచిదే అన్నారు అందరూ. వీరవేణి కూడా “మంచిదే” అంది.

తర్వాతి సోమవారం ముక్కు కింద నుంచి గడ్డం దాకా తువ్వాలు బిగించి కట్టుకుని పీట మీద కూర్చుంది. గుడ్డ ముంచి లాగింది. అబ్బ, అదే చెయ్యి! రేకు గాలికి ఊగింది. నాలుగోది అంచు చిరిగింది. చెయ్యి లేచి నోటి దగ్గరికి వెళ్ళి, తువ్వాలుకు తగిలి ఆగింది. వీరవేణి దాన్ని కిందికి దించుకుంది. ఆ రోజు చాలాసార్లు దించుకుంది.

సాయంత్రం మండపేట నుంచి పెళ్ళివారు సారె పూతరేకుల కోసం వచ్చారు.

“ఆయ్, ఎలా కుదిరాయమ్మా? మీరు తిని చెబితేనే మాకు నమ్మకం,” అంది పెళ్ళికూతురి మేనత్త.

వీరవేణి చిరిగిన ముక్క ఒకటి తీసి మంగాదేవికి అందించింది. మంగాదేవి నమిలి తల ఊపేదాకా ఆమె ముఖంలోకే చూసింది. తర్వాత మేనత్త వైపు తిరిగింది.

“బాగున్నాయటండీ,” అంది.