కాల్చమంటే కాల్చారు

నేను ఒక ఫిరంగిని. తాటి మొద్దుతో చేసినదాన్ని. ఆ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

ఒకప్పుడు సముద్రం మీద యుద్ధమంటే ఓడను ఓడకు ఆనించి, అవతలికి దూకి, జుట్టూ జుట్టూ పట్టుకోవడమే. తర్వాత ఐరోపా వాళ్లు ఓడల పక్కలకు కిటికీలు కోసి ఫిరంగులు బిగించారు. ఒక రాజు ఒక వరస పెడితే పక్క రాజు రెండు పెట్టాడు. మూడో వరసకి ఓడలు మేడలయ్యాయి. బరువెక్కి కొన్ని రేవు దాటకముందే ఒరిగి మునిగాయి. అయినా ఎవరూ మానలేదు.

కోరంగి రేవులో ఓడ నడిపే సరంగు మల్లాడి కామన్న ఉన్నదంతా ఊడ్చి ఒకే ఓడ కట్టించాడు. కిటికీలు కోయించాడు గానీ ఇనుప ఫిరంగులు కొనే స్తోమత లేదు. అందుకే అన్నిటికన్నా పెద్దదాన్నైన నన్నూ నా తోబుట్టువులనూ చెక్కించి, తారు పూయించి, నోళ్లు బయటికి పెట్టించాడు. మమ్మల్ని చూసి సముద్రపు దొంగలు చాలాకాలం దూరంగా తిరిగారు. నాకు కాస్త పొగరెక్కింది కూడా.

ఒక ఉదయం మూడు వరసల పరంగి యుద్ధనౌక మమ్మల్ని తరిమింది. దొరికితే ఓడ వాళ్లది, మనుషులు వాళ్ల ఫిరంగుల దగ్గర చాకిరీకి. కామన్న గొంతు చించుకున్నాడు.

"కాల్చండెహె! ఆ పెద్దదాన్ని కాల్చండి!"

అది ఉత్త బెదిరింపని పాత కళాసీలకు తెలుసు. కొత్తగా చేరిన వంటవాడు గంగులుకు ఎవరూ చెప్పలేదు. ఓడలో నిప్పున్నది అతని పొయ్యిలోనే. కామన్న "పేల్చండి" అని ఉంటే నేను బతికిపోయేదాన్ని. గంగులు నన్ను లోపలికి లాగి, నోటినిండా నిప్పులు కుక్కి, మళ్లీ బయటికి తోశాడు.

తారు భగ్గుమంది. కిటికీలోంచి మంటలు, నల్లటి పొగ. ఆ నౌకలో కేకలు లేచాయి. శత్రువుల మీదికి కావాలని అంటించి వదిలే ఓడలుంటాయి. ఎన్ని వరసల ఫిరంగులున్నా, వాటిని చూస్తే ఎంతటివాడికైనా వణుకే. మాదీ అలాంటిదే అనుకుని ఆ మేడ తెరచాపలు తిప్పుకుని పరుగెత్తింది.

మంట ఆర్పాక కామన్న గంగులు జుట్టు పట్టుకున్నాడు.

"ఏం చేశావురా సచ్చినోడా!"

"మీరేగదండీ కాల్చమన్నారు! తొందరపడి నీళ్లోసేశారు గానండి, లోపలింకా పచ్చిగానే ఉందండి."

కామన్న చెయ్యి వదిలేసి, నవ్వు ఆపుకోలేక చతికిలబడ్డాడు.

ఇప్పుడు నేనొక మ్యూజియంలో ఉన్నాను. అందం చెడుతుందని కాలిన మూతిని గోడవైపు తిప్పారు. ముందు ఒక పలక పెట్టారు: "ఈ ఫిరంగిని ఎన్నడూ కాల్చలేదు."

గంగులు చూస్తే ఎంత నొచ్చుకునేవాడో.